పుస్తకంలో ఉన్న బస్సు

నా సర్వీసు మొత్తంలో చెప్పిన వేళకు వచ్చిన ఒకే ఒక్క కమిటీని చూశాను. అది శాసనసభ కమిటీ. అది వేళకు రావడమే మా కొంప ముంచబోయింది.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు కలిసినప్పుడు మీ కాలపు సంగతి ఏదైనా చెప్పమంటారు. నేను బాగా చేసిన పనులు నాలుగైదు ఉన్నాయి. అవి చెప్పడం మొదలుపెడితే మెల్లగా ఫోన్లు తీస్తారు. నేను తప్పు చేసిన సంగతి ఒకటుంది. అది చెప్తే ఫోన్లు జేబులో పెట్టుకుని దగ్గరికి జరుగుతారు. అందుకని అదే చెప్తాను.

మార్కాపురానికీ గిద్దలూరుకూ నడుమ రైలు ఆగే చిన్న ఊళ్ళలో మాదొకటి. అక్కడి ప్రభుత్వ డిగ్రీ కాలేజీ లైబ్రరీలో నేను రికార్డ్ అసిస్టెంటుని. పదో తరగతితో చదువు ఆపినవాణ్ణి. కానీ తాళాలు నా చేతిలో ఉండేవి, బీరువాల నిండా పుస్తకాలుండేవి, పగలంతా నాదే. కథల పుస్తకాలు పిల్లలు తీసుకుపోయేవారు. ఎవరూ ముట్టనివి నాకు మిగిలేవి. పాత గెజిట్లు, బడ్జెట్ పుస్తకాలు, శాసనసభ చర్చల సంపుటాలు. చదవగా చదవగా అవే రుచించాయి. పద్దు అంటే ఏమిటి, కోత తీర్మానం ఎవరు పెడతారు, సభలో అడిగిన ప్రశ్నకు నక్షత్రం గుర్తు ఎందుకు ఉంటుంది, ఇవన్నీ లెక్చరర్లు నా దగ్గరికొచ్చి అడిగి తెలుసుకునేవారు. ఆ గర్వం నాకుండేది. ఇప్పటికీ కొంచెం ఉంది.

మా కాలేజీలో ఒక అలవాటు ఉండేది. టైంటేబుల్ మీద మొదటి పీరియడు పది గంటలకు అని రాసి ఉండేది, కానీ గంట మాత్రం రైలును బట్టి కొట్టేవాళ్ళం. మా పిల్లల్లో నూటికి తొంభై మంది గిద్దలూరు వైపు ఊళ్ళ నుంచి, నల్లమల అంచు పల్లెల నుంచి ప్యాసింజరులో వచ్చేవారు. ఆ రైలు పది దాటాక, దాని ఇష్టం వచ్చినప్పుడు వచ్చేది. స్టేషనులో రైలు ఆగాక పిల్లలు గేటు దాటి కాలేజీ దారి పట్టేంత సేపు చూసి, అప్పుడు గంట కొట్టేది మా అటెండరమ్మ. ఆమె చెవి మామూలు చెవి కాదు. ఊరికి అవతల వాగు మీద వంతెన ఉంది. రైలు దాని మీదికి రాగానే, మనకేమీ వినపడకముందే, "వంతెనెక్కింది" అనేది. ఒక్కసారీ తప్పు పోలేదు. సాయంత్రం కూడా అంతే. తిరుగు రైలు వేళకు కాలేజీ వదిలేవాళ్ళం. ఎన్నో ఏళ్ళుగా ఎవరికీ ఇబ్బంది లేకుండా నడిచిపోయింది.

ఆ ఏడాది ప్రభుత్వం పద్ధతి మార్చింది. ఇకమీదట పిల్లల సంఖ్యను బట్టే కాలేజీలకు నిధులు, పోస్టులు. పిల్లలు తక్కువగా ఉన్నచోట కాలేజీ ఎత్తేసి దగ్గర్లోని పెద్ద కాలేజీలో కలిపేస్తారు. మమ్మల్ని మార్కాపురంలో కలుపుతారన్న మాట గట్టిగా వినపడింది. దీని మీద సభలో గొడవ జరిగితే, ఒక కమిటీ వేశారు. ఆ కమిటీ కొన్ని కాలేజీలను కళ్ళారా చూసి, బడ్జెట్లో ఉన్నత విద్య పద్దు సభలో చర్చకు రాకముందే రిపోర్టు ఇవ్వాలి. చూడబోయే కాలేజీల్లో మాదొకటి.

ఆ రోజుల్లో రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయి ఉండేది. అడవి అంచు పల్లె. వాళ్ళ నాయనకు గొర్రెల మంద ఉంది. ఆ పిల్ల ఇంటర్ పాసై ఇంట్లో కూర్చుంటే, డిగ్రీలో చేర్పించమని అడగడానికి నేనే పోయాను. ఆయన గొర్రెల దొడ్డి దగ్గర నిలబడి నన్ను ఒకటే ప్రశ్న అడిగాడు.

"రైలు దిగితే కాలేజీ కనిపిస్తాదా అన్నా?"

"కనిపిస్తాది తమ్ముడూ. పిలిస్తే పలికేంత దూరం."

"అయితే పంపుతా. పది మంది ఆడపిల్లలతో రైల్లో పోయి, పొద్దుండగా రైల్లో రావాల. దానికి మించి చెప్పొద్దు. నేను మందతో కొండకు పోతే స్టేషను కాడికి ఎదురు పొయ్యే మనిషి లేడు."

ఆ పిల్ల మా లైబ్రరీలో ఎక్కువ పుస్తకాలు తీసుకునే రకం. విలీనం మాట వినపడిన మరునాడే నా బల్ల ముందుకొచ్చి నిలబడింది.

"మామా, కాలేజీ మార్కాపురం పోతాదంట?"

"ఎవరు చెప్పినారు?"

"రైల్లో అందరూ అదే అనుకుంటాండారు. నాయన కూడా విన్నాడు. పోతే నువ్వు ఆగిపోవాల్సిందే అని నిన్న అన్నం తింటా అన్నాడు."

"పోదులేమ్మా. కమిటీ వస్తాది, చూస్తాది, పోతాది. నేనున్నా కదా" అన్నాను. నేనున్నా కదా అన్న మాట దగ్గరే చిక్కంతా మొదలైంది.

మా ప్రిన్సిపాల్ మేడమ్ కృష్ణా జిల్లా నుంచి బదిలీ మీద అప్పుడే వచ్చింది. కమిటీ వస్తుందన్న కాగితం చేతిలో పట్టుకుని నన్ను పిలిపించింది.

"ఏమండీ, మీరు శాసనసభ పుస్తకాలన్నీ చదివారటగా. వీళ్ళు వస్తే ఏం చూస్తారు?"

"గదిలో పిల్లలున్నారా లేదా అని చూస్తారు మేడమ్. అంతకుమించి చూసే తీరిక వాళ్ళకుండదు."

"మరి వాళ్ళు పది గంటలకు వస్తామన్నారు. మన పిల్లలు పదిన్నరకు గానీ రారు. రైలు సంగతి ముందే చెప్పేద్దామా?"

అప్పుడు నేను తల అడ్డంగా ఊపాను. "వద్దు మేడమ్. ప్రభుత్వ కాలేజీ రైలు కూతను బట్టి నడుస్తోందని తెలిస్తే రిపోర్టులో మొదటి వాక్యం అదే అవుతుంది. ఆ ఒక్కరోజు నిబంధన ప్రకారం పదింటికి గంట కొడదాం. పిల్లల్ని ముందే రప్పించే పూచీ నాది."

ఎట్లా రప్పిస్తారని ఆమె అడిగింది. నేను లైబ్రరీలోకి పోయి బస్సుల వేళల పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాను. అచ్చు పుస్తకం. అందులో ఒక బస్సు ఉదయం ఏడున్నరకు ఆ పల్లెల రోడ్డు మీదుగా బయల్దేరి తొమ్మిదీ ఇరవైకి మా ఊరు చేరుతుంది. నేను గీతగీసి చూపించాను. మేడమ్ ముఖం విప్పారింది. "మీరు లైబ్రరీలో ఉండాల్సిన మనిషి కాదండీ" అంది. ఆ మాటతో నేను ఒక జానెడు పెరిగాను.

బస్సు వేళ నోటీసు బోర్డు మీద పెట్టాను. పిల్లలు గుంపుగా చేరి చదివారు. గొర్రెల కాపరి కూతురు వెనక్కి తిరిగి అంది.

"ఈ బస్సు నేనెప్పుడూ చూడలా మామా."

"ఆ వేళకు నువ్వు నిద్ర లేస్తే కదమ్మా చూసేది."

అందరూ నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వింది కానీ ఊరుకోలేదు. "నిజంగా మామా. ఆ రోడ్డున బస్సే తిరగదు."

"పుస్తకంలో ఉంది తల్లీ. అచ్చేసి ఉంది."

గంట దగ్గర నిలబడిన అటెండరమ్మ అక్కడి నుంచే అరిచింది. "ఆ బస్సుకు డ్రైవరెవరన్నా? నువ్వేనా?"

నేను పట్టించుకోలేదు. ఆ పుస్తకానికి అట్ట లేదు. ఎప్పుడో ఊడిపోతే నేనే మంచి గట్టి అట్ట వేసి బైండు చేశాను. అది ఏ ఏటి పుస్తకమో ఆ ఊడిపోయిన అట్ట మీద ఉండి ఉంటుంది. డిపోకు ఫోను చేసి కనుక్కోవాలని నాకు తోచలేదు. పుస్తకం చేతిలో ఉండగా ఫోనెందుకు అనుకునే మనిషిని నేను.

కమిటీ వస్తామన్న రోజు పదికి ఐదు నిమిషాలు తక్కువ ఉండగా రెండు కార్లు కాలేజీలోకి వచ్చాయి. కమిటీ అధ్యక్షురాలు, ఇద్దరు సభ్యులు, ఫైలు పట్టుకున్న ఒక అధికారి. ఆమె పెద్దావిడ. మోకాళ్ళ నొప్పులు కాబోలు, మెల్లగా దిగింది. నేను వాచీ చూసుకున్నాను. బస్సు వచ్చి అరగంట దాటి ఉండాలి. కాలేజీలో ఉన్నది మా ఊరి పిల్లలు తొమ్మిది మంది.

సరిగ్గా పదింటికి అటెండరమ్మ నా దగ్గరికొచ్చి గొణిగింది. "ఎవరికని కొట్టమంటావన్నా?"

"కొట్టు."

కొట్టింది. అంత గట్టిగా ఆ గంట ఎప్పుడూ మోగలేదు. నన్ను కొట్టినట్టే కొట్టింది.

అధ్యక్షురాలు ఒక్కో గది చూస్తూ నడిచింది. ఎకనామిక్స్ లెక్చరరు ఇద్దరు పిల్లలకు నల్లబల్ల నిండా రాసి చెప్తున్నాడు. హిస్టరీ గదిలో ఒకే ఒక అబ్బాయి, కమిటీని చూసి నిలబడి, తన వెనక ఎవరూ లేరని గుర్తొచ్చి సిగ్గుపడి కూర్చున్నాడు. తర్వాతి గదిలో బెంచీలే ఉన్నాయి.

"పిల్లలేరమ్మా?" అని ఆమె ప్రిన్సిపాల్‌ని అడిగింది.

మేడమ్ నా వైపు చూసింది. అప్పుడైనా నిజం చెప్పొచ్చు. నోరు తెరిస్తే వచ్చిన మాట వేరు. "బస్సులో వస్తున్నారండీ" అన్నాను.

"ఏ బస్సు?"

ఊళ్ళ పేర్లు, వేళలు, పుస్తకంలో ఉన్నవన్నీ గడగడా అప్పజెప్పాను. అధికారి అవన్నీ శ్రద్ధగా రాసుకున్నాడు. అంత శ్రద్ధగా నా మాట ఏ అధికారీ అంతకుముందు రాసుకోలేదు.

వాళ్ళు ప్రిన్సిపాల్ గదిలో కూర్చుని టీ తాగారు. బస్సు రాలేదు. రెండోసారి టీ తాగారు. రాలేదు. లైబ్రరీలో ముప్పై ఏళ్ళు బల్లకు ఇవతల నిలబడినవాడికి తలకిందుల రాత చదవడం వస్తుంది. అధికారి ఫైల్లో "హాజరు తొమ్మిది" అని ఉంది. దాని కింద గీత కూడా గీశాడు.

"కనిగిరి వైపు ఇంకో కాలేజీ చూడాలమ్మా, బయల్దేరతాం" అని అధ్యక్షురాలు లేచింది. మర్యాదగానే చెప్పింది. నమస్కారం పెట్టింది. కార్లు పోయాయి.

నేను మెట్ల మీద కూలబడ్డాను. మేడమ్ ఖాళీ టీ గ్లాసులు తనే ఏరి లోపలికి తీసుకుపోయింది. తిట్టి ఉంటే బాగుండేది. నా కళ్ళ ముందు గొర్రెల దొడ్డి, అక్కడ నిలబడి నన్ను నమ్మిన మనిషి, ఇవే ఉన్నాయి.

అటెండరమ్మ గంట దగ్గర నిలబడి ఉంది. ఉన్నట్టుండి తల పక్కకు వంచింది.

"వంతెనెక్కింది" అంది.

నాకు కోపమొచ్చింది. "ఎక్కితే ఎక్కనీ. వాళ్ళు పోయినారు కదా."

"యాడికి పోతారన్నా? హైవే ఎక్కాలంటే గేటు దాటాల. రైలు వంతెనెక్కిందంటే గేటు ఎప్పుడో పడినట్టే. కార్లేమన్నా ఎగురుతాయా? లే, లే, పో!"

మా రైల్వే గేటు స్టేషను పక్కనే ఉంటుంది. ఊళ్ళోంచి హైవేకు వేరే దారి లేదు. ఇన్నేళ్ళుగా ఆ గేటు దగ్గర నిలబడి తిట్టుకున్న నాకు ఆ సంగతి తట్టలేదు. గంట కొట్టే మనిషికి తట్టింది. నేను వాచ్‌మన్ మోపెడ్ తీసుకుని పరుగుపెట్టించాను. అది ఎంత వేగంగా పోతుందో అంతకంటే ఎక్కువ చప్పుడు చేసింది.

గేటు పడి ఉంది. ముందు ఒక ట్రాక్టరు, దాని వెనక కమిటీ కార్లు రెండు. ఉక్కకు తట్టుకోలేక అధ్యక్షురాలు కారు దిగి గేటు పక్కన నిలబడి ఉంది. నేను మోపెడ్ ఆపుతుండగానే రైలొచ్చి స్టేషనులో ఆగింది.

పిల్లలు దిగారు. ఒక్కో పెట్టెలోంచి గుంపులు గుంపులుగా దిగారు. భుజాన సంచులు, చేతుల్లో క్యారియర్లు, ఒకడు నడుస్తూ తల దువ్వుకుంటున్నాడు. ఆడపిల్లలు చేతులు పట్టుకుని వరసగా, రైలు కదిలిపోగానే పట్టాలు దాటి, గేటు పక్క సందులోంచి ఇవతలికి వచ్చారు. ఆ సందులోనే అధ్యక్షురాలు నిలబడి ఉంది.

ముందు నడుస్తున్నది మా గొర్రెల కాపరి కూతురే. "అవ్వా, రవ్వంత జరుగు. గంట కొట్టేస్తారు" అంది.

ఆమె జరిగింది. "ఎక్కడికమ్మా ఇంతమంది?"

"కాలేజీకి అవ్వా." అంతలో ఆ పిల్ల నన్ను చూసింది. "ఏంది మామా, యాడ నీ బస్సు?"

నేను మోపెడ్‌కు స్టాండు వేసే పనిలో పడ్డాను. అధ్యక్షురాలు చెవులు రిక్కించింది. "ఏ బస్సమ్మా?"

"ఈ మామ పుస్తకంలో ఉందంట. కమిటీవాళ్ళు వస్తాండారు, పదింటికి లోపల ఉండాలన్నాడు. ఏడింటికే రోడ్డు మీదికి వచ్చి నిలబడినాం. మా గొర్రెలు పోయినాయి, రెండు ట్రాక్టర్లు పోయినాయి, బస్సు మాత్రం రాలా. మా నాయన చూసి ఒకటే నవ్వు. నా పెళ్ళి కాకముందే ఆపేసినారు గదే ఆ బస్సు, ఇప్పుడు నిలబడినారా అన్నాడు. మళ్ళీ స్టేషనుకు ఉరుకుడే ఉరుకుడు." ఊపిరి తీసుకుని నన్ను అడిగింది. "ఇంతకూ కమిటీ వచ్చిందా మామా?"

"వచ్చిందమ్మా. నువ్వు జరగమన్నది ఆమెనే."

ఆ పిల్ల నాలుక కరుచుకుంది. వెనక వస్తున్న పిల్లలు పగలబడి నవ్వారు. అందరికంటే గట్టిగా అధ్యక్షురాలే నవ్వింది.

ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు. నేను చేతులు కట్టుకుని రైలు సంగతి, గంట సంగతి, అట్ట లేని పుస్తకం సంగతి మొత్తం చెప్పేశాను. తప్పు ప్రిన్సిపాల్‌ది కాదు, నాదే అన్నాను.

"ఈ మాట పొద్దున్నే ఎందుకు చెప్పలేదయ్యా?"

"రిపోర్టులో రాస్తారేమోనని భయమండీ."

"రాయడానికి కాకపోతే నేనెందుకు వచ్చినట్టు?" అంది ఆమె.

అప్పుడే కాలేజీ వైపు నుంచి గంట వినపడింది. మామూలుగా, రోజూ మోగినట్టే మోగింది. పిల్లలు అడుగు వేగం పెంచారు.

"ఇదేం గంట? పదింటికి ఒకటి కొట్టారుగా?"

"అది మీ కోసం కొట్టిందండీ. ఇది పిల్లల కోసం."

గేటు ఎత్తారు. ట్రాక్టరు పోయింది. ఆమె కారెక్కి, డ్రైవరుతో వెనక్కి తిప్పమంది. రెండోసారి కాలేజీకి వచ్చేసరికి మేడమ్ పరుగున ఎదురొచ్చింది. ఈసారి గదులన్నీ చప్పుడుగా ఉన్నాయి. అధ్యక్షురాలు పిల్లల బెంచీ మీదే సర్దుకుని కూర్చుంది. తనను జరగమన్న పిల్లను పిలిచి, మార్కాపురంలో కలిపితే నీకేమిటి ఇబ్బంది అని అడిగింది. ఆ పిల్ల ఈసారి నవ్వలేదు.

"మాది గిద్దలూరు వైపు ఊరు మేడమ్. మార్కాపురం పోవాలంటే ఇంకా ముందుకు పోవాల. స్టేషను కాడ దిగి మళ్ళీ ఊళ్ళోకి ఆటో ఎక్కాల. సాయంత్రం కాలేజీ వదిలేసరికి మా రైలు పోయుంటాది. మా నాయన చెడ్డోడు కాదు. మందతో కొండ మీద ఉంటాడు. చీకట్లో నన్ను తెచ్చేదానికి మనిషి లేక ఆపేస్తాడు."

అధ్యక్షురాలు అధికారి వైపు తిరిగి, "ఇది ఆమె చెప్పినట్టే రాయండి" అంది.

ఆ సాయంత్రం తిరుగు రైలు వేళకే కాలేజీ వదిలాం. కమిటీ కనిగిరి వైపు ఎప్పటికి చేరిందో నాకు తెలియదు. అక్కడివాళ్ళు కూడా రెండుసార్లు టీ కాచి ఉంటారు.

పద్దు చర్చకు వచ్చిన రోజు లైబ్రరీలో అందరం ఫోను చుట్టూ చేరి విన్నాం. విలీనం ఆగలేదు, కొన్ని కాలేజీలు కలిసిపోయాయి. కానీ పిల్లలు పోయి రావడానికి వీలు లేనిచోట కలపకూడదని ఒక వెసులుబాటు చేర్చారు. మా పేరు జాబితాలో లేదు. ఉత్తర్వులో ఇంకో చిన్న వాక్యం కూడా ఉంది. స్థానిక ప్రయాణ వసతిని బట్టి ప్రిన్సిపాళ్ళు వేళలు మార్చుకోవచ్చు. మేడమ్ ఆ వాక్యాన్ని చదివి వినిపిస్తే అటెండరమ్మ మూతి తిప్పింది. "అంటే ఇన్నేళ్ళూ నేను కొట్టింది దొంగగంటా?"

ఆ అమ్మాయి డిగ్రీ పూర్తిచేసింది. ఇప్పుడు వాళ్ళ మండలంలోనే ఒక గ్రామ సచివాలయంలో పనిచేస్తోంది. నాకేదో కాగితం కావాలని పోతే, నలుగురి ముందూ "బస్సొచ్చిందా మామా?" అని అడుగుతుంది. వాళ్ళ నాయన కనబడితే అదీ అడగడు. నన్ను చూసి నవ్వుతాడు, అంతే.

నేను రిటైరు కావడానికి కొద్దిరోజుల ముందు ఆ కమిటీ రిపోర్టు అచ్చయి లైబ్రరీకి వచ్చింది. ముద్ర వేసి, నంబరు రాసి, బీరువాలో పెట్టకముందే తెరిచాను. పేజీలు తిప్పి మా కాలేజీ వెతికాను. ఉంది. ఆ పిల్ల మాటలు దాదాపు ఆమె అన్నట్టే ఉన్నాయి. రెండుసార్లు చదువుకున్నాను. చివర అనుబంధంలో కాలేజీల పట్టిక ఉంది. మా కాలేజీ వరసలో, విద్యార్థుల ప్రయాణ సాధనం అన్న గడిలో ఇలా ఉంది: బస్సు, ఉదయం తొమ్మిదీ ఇరవై.

నేను అప్పజెప్పిందే. అధికారి శ్రద్ధగా రాసుకున్నదే. అడవి రోడ్డు మీద ఎన్నడో ఆగిపోయిన బస్సును నేను మళ్ళీ నడిపించాను, అదీ శాసనసభ ముద్రతో.

పుస్తకాల్లో రాతలు రాసిన పిల్లల్ని ముప్పై ఏళ్ళు తిట్టిన మనిషిని నేను. చుట్టూ చూశాను. ఎవరూ లేరు. సొరుగులోంచి పెన్సిలు తీసి, ఆ గడి పక్కన మార్జిన్లో చిన్న అక్షరాలతో రాశాను: "ఈ బస్సు లేదు. రైలుకు రండి."

మీరెప్పుడైనా ఆ లైబ్రరీకి పోతే అది చెరపకండి. ఆ పుస్తకాన్ని నమ్మి ఏ పిల్లో పొద్దున్నే రోడ్డు మీద నిలబడుతుంది.